రక్తపిశాచికి రక్తపరీక్ష

నా వృత్తి రక్తం తీయడం. హన్మకొండలోని ఒక ఆసుపత్రి ల్యాబులో ఇరవై ఏళ్లకు పైగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఉదయం ఏడింటికి కిటికీ తెరిచేసరికి పరగడుపున వచ్చినవాళ్లు బెంచీల మీద వరుసగా కూర్చుని ఉంటారు. పదిన్నరకు ఆ వరుస తరిగేలోపు నా ముందున్న ట్రేలో ఊదారంగు మూతల సీసాలు అరవైకి తక్కువ కాకుండా నిలబడతాయి. రక్తం గడ్డకట్టకుండా ఆ సీసాల్లో ఉండే మందు పేరు ఈడీటీఏ. పాఠ్యపుస్తకంలోనూ ల్యాబులోనూ తప్ప మరెక్కడా వినిపించని ఆ పేరును, రక్తపిశాచులను వేటాడే ఒక సినిమాలో, కత్తికీ తుపాకీకీ మించిన ఆయుధంగా విన్న రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ సినిమా 1998 ఆగస్టు 21న అమెరికాలో విడుదలైన ‘బ్లేడ్’. దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు కానీ, ఎందుకు చూస్తానో మాత్రం ఇన్నాళ్లకు వివరంగా రాయగలననిపిస్తోంది.

మొదటిసారి నేను సగం సినిమానే చూశాను. 2001లో డీఎంఎల్‌టీ, అంటే ల్యాబు టెక్నీషియన్ డిప్లొమా, చదువుతున్నప్పుడు నయీంనగర్‌లో ముగ్గురం కలిసి ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. శనివారం రాత్రి సీడీ ప్లేయరు కిరాయికి తెచ్చుకుని తెల్లవార్లూ సినిమాలు చూడటం అప్పటి అలవాటు. ‘బ్లేడ్’ రెండు సీడీల్లో ఉండేది. మొదటి సీడీ ఏ ఆటంకం లేకుండా నడిచింది. రెండోది పెట్టిన కొద్ది నిమిషాలకే బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి ఆగిపోయింది. తీసి బనీనుతో తుడిచి మళ్లీ పెట్టాం, నీళ్లతో కడిగి ఆరబెట్టి పెట్టాం, లాభం లేకపోయింది. దుకాణంలో మరో కాపీ లేదు. వేటగాడు చివరికి ఏమయ్యాడో తెలియకుండానే నా చదువు పూర్తయింది, ఉద్యోగం వచ్చింది, పెళ్లి కూడా అయింది. అయితే ఆ మొదటి సగంలోనే నన్ను పట్టుకున్న సన్నివేశం ఒకటుంది. కాలిపోయిన ఒక శవం ఆసుపత్రికి వస్తుంది. దాని రక్తాన్ని స్లైడు మీద పరిచి సూక్ష్మదర్శినిలో చూసిన డాక్టరు తన కళ్లను తానే నమ్మలేకపోతాడు. మన ఎర్ర రక్తకణం రెండు వైపులా లోపలికి నొక్కినట్లు పళ్లెంలా ఉంటుంది, ఈ రక్తంలో కణాలు రెండు వైపులా ఉబ్బి ఉన్నాయి. నేను ఆ వారమే స్మియర్ వేయడం, అంటే రక్తాన్ని స్లైడు మీద పల్చగా పరచడం, నేర్చుకున్నాను. దయ్యం కథలో దయ్యాన్ని పట్టిచ్చింది మంత్రగాడు కాదు, స్లైడు. నా పక్కనున్న మిత్రులిద్దరూ పోరాటాల కోసం ఎదురుచూస్తుంటే, నేను ఆ స్లైడును మరోసారి చూపిస్తారేమోనని ఎదురుచూశాను.

పోరాటాలు బాగాలేవని కాదు. వేటగాడిని పరిచయం చేసిన తీరుకు సాటి రాగల సన్నివేశం ఈ రకం సినిమాల్లో నేను మరొకటి చూడలేదు. ఒక కుర్రవాడిని ఒక యువతి కోసిన పశువుల మాంసం వేలాడుతున్న శీతల గిడ్డంగి గుండా లోపలికి తీసుకెళ్తుంది. తలుపు తెరుచుకుంటే చెవులు పగిలే సంగీతం, నిప్పురవ్వల్లా మెరిసే దీపాలు, కిక్కిరిసిన జనం. అతడిని ఎవరూ పలకరించరు, తోసేస్తుంటారు. ఇంతలో పైకప్పుకున్న నీటి గొట్టాల్లోంచి తుంపర మొదలవుతుంది. మొదటి చుక్క అతడి ముఖం మీద పడినప్పుడు అది ఏమిటో అతడికన్నా ముందు మనకు అర్థమవుతుంది. క్షణంలో హాలంతా ఎర్రబడుతుంది, చుట్టూ ఉన్న ముఖాలన్నీ కోరలు బయటపెట్టి నవ్వుతాయి. కొట్టుడు తిన్న ఆ పిల్లవాడు నేలమీద జారుతూ, పాకుతూ ఒక చోటికి వచ్చి ఆగుతాడు. ఎదురుగా రెండు నల్లని బూట్లు. అంతటి గోలా ఒక్కసారిగా సద్దుమణిగి, గుసగుసగా ఒక బిరుదు వినిపిస్తుంది, పగటివేళ తిరిగేవాడని. వేటగాడిగా నటించిన వెస్లీ స్నైప్స్ ఒక్క మాట కూడా పలకకుండా ఆ హాలును పరిచయం చేసుకుంటాడు. చిన్ననాటి నుంచి యుద్ధవిద్యలు నేర్చిన నటుడు కావడంతో అతడి నడకలోనే పోరాటం ఉంటుంది. దర్శకుడు స్టీఫెన్ నారింగ్టన్ అంతకుముందు ప్రత్యేక అలంకరణలు, ఎఫెక్టుల విభాగంలో పనిచేసినవాడు. రక్తానికి తెరమీద ఎంత బరువు ఇవ్వాలో అతడికి తెలుసని ఈ ఒక్క సన్నివేశం చెబుతుంది.

కథ ఇదీ. 1967లో ఒక నిండు గర్భిణిని రక్తపిశాచి కరుస్తుంది. ఆమెను ఆసుపత్రికి చేర్చేసరికి తల్లి చేజారిపోతుంది, బిడ్డ పుడతాడు. ఆ బిడ్డే వేటగాడు బ్లేడ్. రక్తపిశాచుల బలాలన్నీ అతడికి వస్తాయి, ఎండ మాత్రం అతడిని కాల్చదు. వాళ్ల నుంచి సంక్రమించిన ఒకే ఒక్క పీడ రక్తదాహం. మార్వ్ వుల్ఫ్‌మన్, జీన్ కోలన్ 1973లో ఒక బొమ్మల కథల పత్రిక కోసం సృష్టించిన పాత్ర ఇది. డేవిడ్ గోయర్ రాసిన సినిమా కథ దాన్ని దాదాపు కొత్తగా మలిచింది. శిలువలు, పారే నీళ్లు, పుణ్యజలం వంటివేవీ ఇక్కడ పనిచేయవు. పనిచేసేవి వెండి, వెల్లుల్లి, సూర్యకాంతి. ఎండ తగిలితే రక్తపిశాచి చస్తుందన్న నియమం అనాదిగా వస్తున్నదని మనం అనుకుంటాం కానీ, 1897 నాటి డ్రాకులా నవలలో ఆ పిశాచి పగలు తిరగగలదు, బలం తగ్గుతుందంతే. ఎండ చంపుతుందన్నది 1922లో జర్మనీలో తీసిన ‘నోస్ఫెరాటు’ అనే మూకీ సినిమాతో స్థిరపడిన సంగతి. ‘బ్లేడ్’ ఆ నియమాన్ని తీసుకుని దానికీ ఒక చిట్కా కనిపెట్టింది. ప్రతినాయకుడు డీకన్ ఫ్రాస్ట్ ముఖానికి ఎండ తగలకుండా కాపాడే క్రీము దట్టంగా పూసుకుని, మిట్టమధ్యాహ్నం పార్కులో పిల్లల మధ్య నిలబడి బ్లేడ్‌తో మాట్లాడతాడు. స్టీఫెన్ డార్ఫ్ నటించిన ఆ పాత్ర నాకు అన్నిటికన్నా భయం కలిగించింది ఆ ఎండలోనే.

రెండో సగం నేను చూసింది చాలా ఏళ్ల తర్వాత, ఇంగ్లిషు సినిమాలు వేసే ఒక కేబుల్ చానెల్‌లో. రాత్రి డ్యూటీ దిగి వచ్చి అన్నం పెట్టుకుని కూర్చున్నాను. తెరమీద డాక్టర్ కారెన్ జెన్సన్, అంటే నటి ఎన్‌బుషే రైట్, ఒక రక్తపు నమూనాలో ఏదో ద్రవం కలుపుతోంది. ఆమె నోట ఈడీటీఏ అన్న మాట రాగానే నా చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. రక్తపిశాచి రక్తంలో అది పడగానే రక్తం ఉబికి, పొంగి, పేలిపోతుంది. నిజానికి ఈడీటీఏ చేసే పని ఎంత నెమ్మదైనదో మా ల్యాబులో అందరికీ తెలుసు. రక్తం గడ్డకట్టాలంటే క్యాల్షియం కావాలి. ఈడీటీఏ ఆ క్యాల్షియంను పట్టి బంధిస్తుంది. బంధించిన తర్వాత రక్తం గంటల తరబడి గడ్డకట్టకుండా పల్చగా నిలిచి ఉంటుంది, అప్పుడే మేము కణాలను లెక్కించగలం. సీసాలోకి రక్తం తీయగానే దాన్ని కుదపకూడదు, ఊపకూడదు. మూతను కిందికి వంచి మళ్లీ పైకి, ఎనిమిది నుంచి పదిసార్లు, పసిబిడ్డను ఒడిలో ఊపినంత మెల్లగా తిప్పాలి. తొందరపడితే కణాలు పగులుతాయి, బద్ధకిస్తే లోపల సన్నని గడ్డ కట్టి ప్లేట్‌లెట్ల లెక్క తప్పుతుంది. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట నేర్పేది ఈ తిప్పడమే. అంత సాధువైన పదార్థం ఆ సినిమాలో బాంబు అయింది. రసాయనశాస్త్రం దృష్టిలో అది జరిగే పని కాదు. కానీ ఆ ఊహకు ఒక తర్కం ఉంది. దేవుడి పేరు చెప్పి కాకుండా, రక్తంలోనే ఉన్న ఒక లక్షణాన్ని పట్టుకుని శత్రువును కొట్టాలనుకోవడం ఆ తర్కం.

ఆ తర్కం ముందే ఒక సంభాషణలో మొదలవుతుంది, నా దృష్టిలో సినిమాకు గుండెకాయ అదే. రక్తపిశాచులు రక్తం ఎందుకు తాగుతారని కారెన్ అడుగుతుంది. వాళ్ల సొంత రక్తం హిమోగ్లోబిన్‌ను నిలుపుకోలేదు కాబట్టి అని జవాబు వస్తుంది. అయితే ఇది శాపం కాదు, జన్యులోపం, ఎర్రకణాలు విరిగిపోయే రక్తహీనత లాంటిదే, రెట్రోవైరస్ సాయంతో జన్యువును సరిచేసి నయం చేయవచ్చు, సికిల్ సెల్ జబ్బు విషయంలో ఆ దారిలోనే వెళ్తున్నారు అని ఆమె తేలుస్తుంది. 1998లో ఇది మాటవరసకు రాసుకున్న సంభాషణ కావచ్చు. 2022 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ బీటా తలసేమియాకు అనుమతించిన జన్యుచికిత్సలో, రెట్రోవైరస్‌ల కుటుంబానికే చెందిన లెంటివైరస్‌ను వాహకంగా వాడి, రోగి మూలకణాల్లోకి పనిచేసే జన్యువును పంపుతారు. 2023 డిసెంబరులో సికిల్ సెల్ జబ్బుకు కూడా జన్యుచికిత్సలు అనుమతి పొందాయి. తలసేమియా చికిత్సకు అక్కడ పెట్టిన ధర 28 లక్షల డాలర్లు. ఆ అంకెను చదివినప్పుడు నాకు మా ల్యాబు ముందు బెంచీ గుర్తొచ్చింది.

ఆ బెంచీ మీద మూడు వారాలకు ఒకసారి ఒక తొమ్మిదేళ్ల పిల్లవాడు తల్లితో వచ్చి కూర్చుంటాడు. తలసేమియా. వాడి ఎముకమజ్జ తయారుచేసే ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాదు, ఇతరుల రక్తం ఎక్కిస్తేనే వాడు నడవగలడు, ఆడగలడు, బడికి పోగలడు. ఎక్కించిన రక్తంతో పాటు ఇనుము శరీరంలో చేరి గుండెలో, కాలేయంలో పేరుకుపోతుంది. దాన్ని బయటికి పంపడానికి రోజూ మరో మందు వేసుకోవాలి. ఆ మందు చేసే పని కూడా ఈడీటీఏ చేసే పని లాంటిదే, లోహాన్ని పట్టి బంధించడం. ఏడాది నిండకముందే వాడు పాలిపోవడం మొదలైనప్పుడు ఊళ్లో గాలి సోకిందన్నారట. తాయెత్తు కట్టించారు, కోడిని దిగదుడిచి పొలిమేరలో వదిలారు, ఒకరిద్దరి మీద అనుమానం కూడా పెట్టుకున్నారు. చివరికి ఎవరో చెబితే పట్నం వచ్చి చేయించిన పరీక్షలో రోగం బయటపడింది. ఆ తల్లికి నేను ఈ సినిమా సంగతి ఎన్నడూ చెప్పలేదు, చెప్పను. రక్తం, పిశాచి అన్న రెండు మాటలను పక్కపక్కన వినడం ఆమెకు ఎలా ఉంటుందో ఊహించగలను.

రోగానికి దయ్యం పేరు పెట్టడం మన పల్లెలకే పరిమితం కాదు. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ఎక్సెటర్ అనే పల్లెలో 1892లో మెర్సీ బ్రౌన్ అనే పంతొమ్మిదేళ్ల అమ్మాయి క్షయతో చనిపోయింది. తల్లి, అక్క అంతకుముందే ఆ జబ్బుతోనే పోయారు, అన్న మంచం పట్టాడు. చచ్చినవాళ్లలో ఒకరు రాత్రిపూట వచ్చి బతికున్నవాళ్ల ప్రాణం పీలుస్తున్నారని ఊరివాళ్లు నమ్మారు. ఆ మార్చి నెలలో సమాధులు తవ్వించి, చలికి చెడిపోకుండా ఉన్న మెర్సీ శవం నుంచి గుండెను తీసి కాల్చి, ఆ బూడిదను నీళ్లలో కలిపి అన్నకు తాగించారు. రెండు నెలలు గడిచేసరికి అతడూ చనిపోయాడు. క్షయ క్రిమిని రాబర్ట్ కాక్ కనుగొని అప్పటికి పదేళ్లయింది. సూక్ష్మదర్శిని కింద క్రిమి కనిపించిన తర్వాత కూడా సమాధి తవ్విన చేతులున్నాయి. ‘బ్లేడ్’లో కారెన్ స్లైడు దగ్గర కూర్చుని శాపాన్ని రోగంగా మార్చినప్పుడల్లా నాకు ఆ అన్న గుర్తొస్తాడు.

వేటగాడిని ఈ సినిమా రోగిగానే చూపిస్తుంది. కండలు, నల్లకోటు, వీపున కత్తి, ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఒక కుర్చీ. బ్లేడ్ తనంతట తానే వచ్చి అందులో కూర్చుంటాడు. అతడికి తోడుగా ఉండే ముసలి విస్లర్ అతడి చేతులకు పట్టీలు బిగిస్తాడు, నోట్లో పళ్లు కరుచుకునే దాన్ని పెడతాడు, రక్తదాహాన్ని అణచే మందు, సీరం, మెడలోకి ఎక్కిస్తాడు. అంత బలవంతుడూ విలవిలలాడిపోతాడు. చేయి పట్టుకొమ్మని అడగడు కానీ అతడి చేయి విస్లర్ చేతిని వెతుక్కుంటుంది. మందుకు శరీరం అలవాటు పడుతోంది, మోతాదు పెంచాల్సి వస్తోంది అని ముసలాయన చెప్పే మాట మా వార్డుల్లో నేను ఎన్నిసార్లు విన్నానో. విస్లర్ భార్యనూ కూతుళ్లనూ ఒక రక్తపిశాచి చంపేసింది. అతడికీ క్యాన్సరు. ఇద్దరు రోగులు ఒకరికొకరు తోడై చేసే యుద్ధం ఇది. విస్లర్‌గా నటించిన క్రిస్ క్రిస్టాఫర్సన్ మొదట పాటల రచయితగా, గాయకుడిగా పేరు పొందినవాడు. గరగరలాడే ఆ గొంతులో కోపం కూడా లాలనలా వినిపిస్తుంది. ఆయన 2024 సెప్టెంబరు 28న కన్నుమూశారు.

ఆ వార్త చదివిన వారంలోనే, ఎంగిలిపూల బతుకమ్మ నాటి రాత్రి, నేను మళ్లీ ఈ సినిమా పెట్టాను. ఇంట్లో ఆడవాళ్లంతా తంగేడు, గునుగు పేర్చుకుని వేయిస్తంభాల గుడికి వెళ్లారు. పండుగకు వచ్చిన మా అక్క కొడుకు, ఇంజినీరింగ్ చదువుతున్నవాడు, నాతో కూర్చున్నాడు. రక్తపిశాచుల పెద్ద డ్రాగనెట్టిని ఫ్రాస్ట్ సముద్రతీరానికి ఈడ్చుకొచ్చే సన్నివేశం వచ్చింది. పుట్టుకతోనే రక్తపిశాచులైనవాళ్లకు, కాటుతో అలా మారినవాళ్లంటే చిన్నచూపు. ఫ్రాస్ట్ కాటుతో మారినవాడు. అతడు ముందుగా ఆ పెద్దాయన కోరలను పటకారుతో ఊడబీకి, ఆ తర్వాత పొద్దుపొడుపుకు వదిలేస్తాడు. మావాడు తెరవైపు చూస్తున్నాడు, నేను చూపు తిప్పుకున్నాను. బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో మనుషులను కట్టేసి కొట్టిన వార్తలు, పళ్లు ఊడగొట్టిన వార్తలు పత్రికల్లో చదువుతూ పెరిగిన తరం మాది. పళ్లు లేకపోతే మంత్రం సరిగా పలకదని, సరిగా పలకని మంత్రం పారదని ఆ పని చేసేవాళ్ల నమ్మకం. అలా నోరు పోగొట్టుకున్న ఒక ముసలామెకు చాలా ఏళ్ల కిందట నేను రక్తం తీశాను. ఆమె పేరు అడిగితే చెప్పలేకపోయింది, పక్కనున్న కొడుకు చెప్పాడు. ఆమె రక్తంలో చక్కెర ఎక్కువుంది, హిమోగ్లోబిన్ తక్కువుంది. రిపోర్టులో రాయడానికి అంతకుమించి ఏమీ లేదు.

సినిమా అయిపోవస్తుండగా మా అల్లుడు ఒక ప్రశ్న వేశాడు.

“రోగమే అంటున్నరు గదా మామా, మరి మందియ్యక సంపుడెందుకు?”

నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇన్నేళ్లలో నాకు ఆ ప్రశ్న తట్టకపోవడం గురించి ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. కారెన్‌ను కూడా ఒక రక్తపిశాచి కరిచింది. తనకు తాను మందు తయారు చేసుకుని నయం చేసుకుంది. కాటుతో మారినవాళ్లకు ఆ మందు పనిచేయవచ్చని ఆమే చెబుతుంది. అలాంటప్పుడు ఆ నృత్యశాలలో బూడిదైనవాళ్లలో, ఫ్రాస్ట్ వెంట తిరిగే గుంపులో, నిన్నటిదాకా మనుషులుగా ఉండి చీకట్లో ఒక కాటుకు బలైనవాళ్లు ఎందరు? ఫ్రాస్ట్ సంగతే తీసుకున్నా అతడూ ఒకప్పుడు కరవబడినవాడే. అన్నిటికన్నా బాధించేది తల్లి విషయం. ప్రసవంలో పోయిందనుకున్న తల్లి వెనెసా ఫ్రాస్ట్ పక్కన కనిపిస్తుంది, ఆమెను ఆనాడు కరిచింది కూడా అతడే. చివరికి కొడుకు ఆమెను చంపుతాడు. ఆమెకు విముక్తి ఇస్తున్నానంటాడు. మందు కనిపెట్టిన డాక్టరు అదే భవనంలో ఉంది. ఆమెను పిలిచి ఒక సూది ఇప్పిద్దామన్న ఆలోచన ఆ కథలో ఎవరికీ రాదు. శాపాన్ని రోగమని రుజువు చేసేంత ధైర్యం చేసిన సినిమా, ఆ రుజువు తర్వాత రోగిని ఏం చేయాలన్న చోట వెనక్కి తగ్గి మళ్లీ కత్తి పట్టుకుంది. ఇది చిన్న లోపం కాదు. నాకు ఇష్టమైన సినిమా కాబట్టే ఈ లోపాన్ని దాటవేయలేకపోతున్నాను. అనుమానితుడిని పరీక్షకు పంపేదాకా వచ్చి, రిపోర్టు రాకముందే కర్రలెత్తే ఊరు నాకు తెలుసు.

అయినా పతాక సన్నివేశం దగ్గర నేను ప్రతిసారీ కుర్చీ అంచుకు జరుగుతాను. పన్నెండుగురు పుట్టు రక్తపిశాచుల బలాన్ని బలిచ్చి, లా మాగ్రా అనే రక్తదేవతను ఫ్రాస్ట్ తనలోకి ఆవాహన చేసుకుంటాడు. బ్లేడ్ కత్తి అతడిని నడుము దగ్గర రెండుగా నరుకుతుంది. పడిపోడు. రెండు సగాల నడుమ రక్తమే తాడులా సాగి మళ్లీ అతుకుతుంది. ఆ కంప్యూటర్ బొమ్మలు నేడు పాతబడి కనిపిస్తాయి, ఒప్పుకుంటాను. ఫ్రాస్ట్ సుడులు తిరిగే రక్తపు రూపంగా మారే మరో ముగింపును మొదట తీసి, ముందస్తు ప్రదర్శనల్లో ప్రేక్షకులకు నచ్చకపోవడంతో మార్చి ఈ కత్తియుద్ధం పెట్టారు. మార్చడమే మంచిదైంది. ఎందుకంటే ఈ యుద్ధం నాకు చిన్నప్పుడే తెలుసు. పరకాల దగ్గరి మా ఊరి నుంచి దసరాకు మా బాపమ్మ నన్ను భద్రకాళి గుడికి తీసుకొచ్చేది. చెరువుగట్టున కూర్చోబెట్టి పులిహోర పెడుతూ రక్తబీజుడి కథ చెప్పేది. వాడిని నరికితే చావడు, నేలరాలిన ప్రతి రక్తపు చుక్క నుంచీ మరో రక్తబీజుడు లేస్తాడు, కత్తి ఆడినకొద్దీ శత్రువులు పెరుగుతారు. అప్పుడు కాళి నాలుక చాచి, చుక్క నేల తాకకముందే తాగేస్తుంది. “రక్తంల ఉన్నోన్ని రక్తంలనే పట్టాలె బిడ్డా” అనేది బాపమ్మ. సప్తశతి ఎనిమిదో అధ్యాయంలోని ఆ ఘట్టాన్ని నేను పెద్దయ్యాక చదివినా, నా చెవిలో ఉన్నది ఆమె మాటే. బ్లేడ్ కత్తిని పక్కనపెట్టి ఈడీటీఏ సిరంజిలను ఒకదాని వెంట ఒకటి ఫ్రాస్ట్ ఒంట్లోకి దించుతాడు, చివరిదాన్ని కాలితో తన్ని పంపుతాడు. ఫ్రాస్ట్ ఉబ్బి ఉబ్బి పగిలిపోతాడు. అంతకు కొద్దిసేపటి ముందు, ఒంట్లో రక్తమంతా పోగొట్టుకుని చావుకు దగ్గరైన బ్లేడ్‌కు కారెన్ తన మెడ అందించి తాగమంటుంది. జీవితమంతా దేన్నయితే నిరాకరించాడో దాన్ని తాగి అతడు లేస్తాడు. రక్తం తాగిన నోటితోనే దుష్టసంహారం చేసిన దేవత చుట్టూ ప్రదక్షిణ చేస్తూ పెరిగినవాడిని కాబట్టి, ఆ సన్నివేశం నాకు జుగుప్స కలిగించలేదు.

తర్వాత రెండు భాగాలు వచ్చాయి. 2002లో గియెర్మో దెల్ తోరో తీసిన రెండో భాగం చూడదగ్గదే, దవడ నిలువునా చీలే కొత్త జాతి పిశాచులను అతడు రూపొందించిన తీరు గొప్పది. 2004 నాటి మూడో భాగం గురించి రాయడానికి నాకు ఏమీ లేదు. బొమ్మల కథలు వేసే మార్వెల్ సంస్థ 1996 చివర్లో దివాలా రక్షణ కోరిన స్థితి నుంచి కోలుకుంటున్న కాలంలో, ఎక్స్‌మెన్, స్పైడర్‌మ్యాన్ సినిమాలకన్నా ముందే, ఆ సంస్థ పాత్రలతో సినిమా తీస్తే జనం చూస్తారని నిరూపించింది ఈ మొదటి భాగమే. దాదాపు నాలుగున్నర కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచవ్యాప్తంగా 13 కోట్లకు పైగా వచ్చాయి. ఆ లెక్కలో బ్లేడ్‌కు దక్కాల్సిన పేరు పూర్తిగా దక్కలేదని నా అభిప్రాయం. 2024లో వెస్లీ స్నైప్స్ మరో మార్వెల్ సినిమాలో కాసేపు ఆ నల్లకోటుతో కనిపించినప్పుడు సంతోషించాను.

మొదటి భాగం ముగింపులో తెల్లవారుతుంది. నయం చేస్తానని కారెన్ అంటుంది. నయమైతే దాహం పోతుంది, దాంతో పాటే బలమూ పోతుంది. యుద్ధం ఇంకా మిగిలే ఉందని, సాయం చేయాలనుకుంటే మెరుగైన సీరం తయారు చేసిపెట్టమని బ్లేడ్ అంటాడు. మళ్లీ ఆ కుర్చీలో కూర్చోవడానికే అతడు సిద్ధపడుతున్నాడు. మా అల్లుడు టీవీ ఆపేసి పడుకున్నాడు. ఆడవాళ్లు అప్పటికే తిరిగొచ్చి సత్తుపిండి పంచుకుంటున్నారు.

మరునాడు నవరాత్రులు మొదలు. ఏడింటికి కిటికీ తెరిచేసరికి ఆ తొమ్మిదేళ్లవాడు బెంచీ మీద మొదటి వరుసలో ఉన్నాడు. రక్తం ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ చూడాలి, దాత రక్తం సరిపోలుతుందో లేదో చూడాలి. తల్లి వాడిని ఎత్తి కూర్చోబెట్టబోయింది. వాడు ఆమె చేయి తప్పించుకుని తానే స్టూలు ఎక్కాడు. నేను కుడిచేతికి పట్టీ కట్టబోతుంటే ఆపాడు.

“అది గాదు సారూ, పోయినసారి అండ్లనే తీసిన్రు. గీ చెయ్యిల నరం మంచిగ దొరుకుతది” అని ఎడమ చొక్కాచేయి తానే పైకి మడిచి, పిడికిలి బిగించి చాచాడు.